మెక్సికో విప్లవం నాటి ‘మువెరా ఉవెర్తా’ పెసో కొన్నాను, మోసపోయానా?

రాజమండ్రి_కాసు
మూడు రోజుల నుంచి సరిగ్గా నిద్ర లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. ఆన్‌లైన్ వేలంలో మెక్సికో పెసో ఒకటి కొన్నాను. 1914, వెండి అని రాశాడు. పామును పట్టుకున్న గద్ద, ఒక టోపీ, దాని చుట్టూ కిరణాలు. ‘మువెరా ఉవెర్తా’ అని ఉంది. అంటే ‘ఉవెర్తా చావాలి’ అని. నాణెం మీద ఒక మనిషి పేరు కొట్టి మరీ చావాలి అనడం నేనెక్కడా చూడలేదు. దానికే పడిపోయా. 9,500 పెట్టాను, కొరియర్, కస్టమ్స్ వేరే.

తీరా చేతికొచ్చాక చూస్తే జాతరలో అమ్మే బొమ్మ డబ్బుల్లా ఉంది. అక్షరాలు వంకర. గద్ద తడిసిన కోడిలా ఉంది. అంచు మీద సన్నటి గీత చుట్టూ తిరిగి వస్తోంది. అమ్మినవాడిని అడిగితే “విప్లవం నాణేలు మొరటుగానే ఉంటాయి, అదే అసలుకు గుర్తు” అన్నాడు. నిజమేనా? ఫోటోలు పెట్టా, చూసి చెప్పండి. తిట్టాలనుకుంటే కాస్త మెల్లగా తిట్టండి.

పోస్టుకార్డు_పాపారావు
చెల్లని రూపాయికి గీతలెక్కువ అని మా అమ్మమ్మ ఊరికే అనలేదు. నీ దానికి అంచు మీద కూడా ఉందిగా గీత.

దమ్మిడీ_దాసు
అంచు గీత సంగతి తర్వాత. ముందు ధర చూడు తమ్ముడూ. ఈ పెసో అసలుదైతే వందల డాలర్లు పలుకుతుంది, బాగున్నదైతే ఇంకా పైకి. 9,500కి ఎవడో దానం చేస్తున్నాడనుకున్నావా?

అమ్మినవాడు చెప్పింది సగం నిజం, అందుకే ప్రమాదం. విప్లవం నాణేలు మొరటువే. కానీ మొరటుగా ఉన్నదల్లా విప్లవం నాణెం కాదు. నాణెం కొట్టే ఉక్కు అచ్చు మీద చెక్కడం వంకర పోవడం వేరు, కరిగిన లోహాన్ని మూసలో పోత పోసినప్పుడు అక్షరం అంచులు కరిగినట్టు మెత్తబడటం వేరు. గ్రామ దేవత రాతి విగ్రహానికి ముక్కు వంకరగా ఉండొచ్చు, ఉలి దెబ్బ మాత్రం పదునుగా కనిపిస్తుంది. అదే విగ్రహాన్ని మైనంలో అచ్చు తీస్తే ముక్కుతో పాటు పదునూ పోతుంది. నీ ఫోటోలో నాకు మైనమే కనిపిస్తోంది.

బేడఅణా
నేను కొత్త. అసలు ఈ ఉవెర్తా ఎవరు? విప్లవం మధ్యలో నాణేలు కొట్టే తీరిక ఎవరికి దొరికింది?

నోటుమాస్టారు
తీరిక కాదు, అవసరం. మెక్సికోలో 1910లో పోర్ఫిరియో దియాస్ మీద తిరుగుబాటు లేచింది, మదేరో అధ్యక్షుడయ్యాడు. 1913 ఫిబ్రవరిలో సైన్యాధికారి విక్తోరియానో ఉవెర్తా ఆయన్ను దించేశాడు, రోజుల్లోనే మదేరోను కాల్చి చంపారు. దాంతో ఉత్తరాన కరాన్సా, పాంచో విల్లా, దక్షిణాన జపాటా, అందరూ ఉవెర్తా మీద పడ్డారు. కరాన్సా పక్షం పేరు ‘రాజ్యాంగవాద సైన్యం’. కాసు గారి నాణెం మీద స్పానిష్‌లో ఉండాల్సింది ఆ మాటే.

ఇక డబ్బు సంగతి. ప్రతి సేనానీ నోట్లు అచ్చేశాడు. నేను నోట్లవాణ్ణి కనుక ఇక్కడ కాస్త ఎక్కువ మాట్లాడతా. విల్లా నోట్లు కొన్నిటిని జనం ‘సాబనాస్’ అనేవారు, అంటే దుప్పట్లు. ఈ రకం నోట్లన్నిటికీ కలిపి ‘బిలింబికే’ అని ఎగతాళి పేరు. కాగితం ఊరంతా నిండితే ఏమవుతుంది? వెండి పెసో ట్రంకు పెట్టె అడుగుకి పోతుంది. కొట్లో చిల్లర ఉండదు. సిపాయి జీతం కాగితంలో తీసుకోనంటాడు. అందుకని గని ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు నాణెం కొట్టారు.

1916లో కరాన్సా కొత్త నోటు తెచ్చాడు. పాతవాటికి నకిలీలు విపరీతమయ్యాయని దీన్ని న్యూయార్క్‌లో అచ్చేయించారు. పేరేంటో తెలుసా, ‘ఇన్‌ఫాల్సిఫికాబ్లే’. నకిలీ చేయలేనిది అని అర్థం. ఆ ఏడాది తిరక్కుండానే దాని విలువ సున్నాకి దగ్గరపడింది. ఇక నకిలీ చేయాల్సిన పని ఎవరికీ రాలేదు.

పోస్టుకార్డు_పాపారావు
అంటే పేరు నిలబెట్టుకుందన్నమాట.

టెక్సాస్_తాత
నేను ఎల్‌పాసోలో 22 ఏళ్ళుగా ఉంటున్నా. వంతెన దాటితే హువారెస్, అదే మెక్సికో. కాసు బాబూ, నీకో కథ చెప్తాను, బాధపడకు.

ఓసారి హైదరాబాద్ నుంచి మా బావమరిది వస్తే హువారెస్ బజారుకి తీసుకెళ్ళాను. బొమ్మలు, తోలు చెప్పులు అమ్మే కొట్టు. నేను నాణేలు ఉన్నాయా అని అడిగాను. ఆ ముసలాయన బల్ల కింద నుంచి గుడ్డ సంచి తీసి గుప్పెడు నా ముందు పోశాడు. అన్నీ మువెరా ఉవెర్తాలే! అన్నీ 1914వే! ఒక్కోటి 10 డాలర్లు, రెండు తీసుకుంటే తగ్గిస్తానన్నాడు. మా బావమరిది రెండు కొన్నాడు, ఒకటి కీచైన్ చేయించుకున్నాడు. ముసలాయన మాత్రం అసలువని ఒక్క మాట అనలేదు, అది ఒప్పుకోవాలి. అలాంటివి ఎవరి చేతుల్లోనో తిరిగి తిరిగి వేలంలోకి వచ్చేసరికి ‘అరుదైనది’ అవుతాయి.

ఇంకో సంగతి. ఆ ఉవెర్తా 1914 జూలైలో దిగిపోయి దేశం వదిలాడు. మళ్ళీ వద్దామని 1915లో రైల్లో సరిహద్దు దాకా వస్తే అమెరికావాళ్ళు పట్టుకున్నారు. 1916 జనవరిలో పోయింది మా ఎల్‌పాసోలోనే. నాణెం మీద చావాలని కొట్టించిన దాదాపు రెండేళ్ళకు, జబ్బు చేసి.

హాలీసిక్కా
ఆ పెసో జేబుల దొరికితే కాల్చి పారెయ్యమని ఉవెర్తా హుకుం ఇచ్చిండని ప్రతి వేలంవాడు రాస్తడు. ఆ కథ చెప్పి ధర పెంచుతరు. హుకుం కాగితం మాత్రం ఒక్కడూ చూపెట్టడు.

దమ్మిడీ_దాసు
కథలు పక్కన పెడితే తెలిసిన సంగతి ఇది. దురాంగో రాష్ట్రంలో క్వెంకమే అనే ఊరు. అక్కడ జనరళ్ళు కాలిస్తో కాంత్రేరాస్, సెవెరీనో సెనిసేరోస్ పేరు మీద ఈ పెసోలు కొట్టారు. చుట్టుపక్కల వెండి గనులు. రెండు మూడు అచ్చులు, వాటిలోనూ తేడాలు. గట్టి ఉక్కు దొరక్క అచ్చులు పగిలేవి, పగుళ్ళతోనే కొట్టేవారు. ఆ పగులు నాణెం మీద ఉబ్బెత్తు గీతగా వస్తుంది. మాలాంటి పిచ్చోళ్ళకు ఆ గీత కనిపిస్తే పండగ. పోత నకిలీలో కూడా ఆ గీత ఉంటుంది కానీ చచ్చుగా ఉంటుంది.

కాసూ, గద్ద ఎడమ రెక్క కింద చిన్న గుంట ఉంది చూడు, బియ్యపు గింజలో సగం ఉంటుంది. అది ఎవరో కింద పడేస్తే పడ్డ నొక్కు. నేను రాత్రి కూర్చుని పాత వేలాల ఫోటోలు తిరగేశాను. ఇదే గుంట, ఇదే చోట, ఇంకో రెండు నాణేల మీద దొరికింది. మూడు నాణేలు వేర్వేరుగా కింద పడి ఒకే చోట ఒకే నొక్కు పడదు కదా. ఒక నాణెం పడింది, దాన్నుంచి మూస తీశారు, ఆ మూసలోంచి మీ మూడూ పుట్టాయి.

రాజమండ్రి_కాసు
దాసు గారూ, మీరు చెప్పాక భూతద్దం పెట్టి చూశా. గుంట ఉంది. 😞

ఇంక చివరి ఆశ. కనీసం వెండేనా? మా వీధి చివర కంసాలి ఆచారి గారు గీటురాయి మీద ఒక్క గీత గీస్తే చెప్పేస్తానంటున్నారు.

కిలుము
వద్దు. వద్దంటే వద్దు. ఏ నాణేన్నీ గీటురాయి దగ్గరకు తీసుకెళ్ళొద్దు. ఇది నకిలీయే అనుకో, అలవాటు మంచిది కాదు.

లక్ష్మీకాసు
గీకక్కర్లేదు, నీళ్ళు చాలు. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను, ఇంట్లో వంటగట్టు మీద ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు.

0.01 గ్రాము చూపించే చిన్న త్రాసు తెచ్చుకోండి, నగల బరువు చూసేది. ముందు నాణెం బరువు రాసుకోండి. తర్వాత ప్లాస్టిక్ గ్లాసులో నీళ్ళు పోసి త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని కుట్టు దారంతో కట్టి పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. గ్లాసు అడుగుకి, పక్కలకి తగలకూడదు. బుడగలు అంటుకుని ఉంటే ఒకసారి పైకి తీసి మళ్ళీ ముంచండి. అప్పుడు త్రాసు చూపించే అంకె ఆ నాణెం పక్కకు నెట్టిన నీళ్ళ బరువు. మొదటి అంకెను దీనితో భాగిస్తే సాంద్రత.

శుద్ధ వెండి 10.49, రాగి 8.96. వెండి ఎక్కువగా ఉన్న నాణెమైతే 10 పైన రావాలి. మొదట తెలిసిన నాణెంతో చేసి చెయ్యి కుదుర్చుకోండి. మా నానమ్మ ఇచ్చిన ఐదో జార్జి రూపాయి 11.6 గ్రాములు, నీళ్ళలో 1.12 చూపించింది, అంటే 10.36. ఆ రూపాయిలో వెండి 91.7 శాతం కాబట్టి సరిపోయింది. ఊపిరి బిగపట్టి చేయండి, ఫ్యాన్ ఆపండి. ఫ్యాన్ గాలికి నా త్రాసు ఒకసారి పూర్తిగా పిచ్చెక్కింది.

బేడఅణా
మేడమ్, సెగకి చెమట పట్టి దారం జారి నాణెం గ్లాసులో పడితే?

లక్ష్మీకాసు
ఫ్యాన్ ఆపమన్నా, పొయ్యి వెలిగించమనలేదు.

హాలీసిక్కా
అందరు ఆ విప్లవం నాణెం అనుకుంట కండ్లకద్దుకుంటున్నరు గానీ, అడుగుత ఒక మాట. గని వేరేవాళ్ళది. తుపాకి పట్టుకొని పోయి వెండి తీసుకొని దాని మీద ‘స్వేచ్ఛ’ అని కొట్టిన్రు. దోపిడీ అంటే కోపం వస్తదా?

కిలుము
కోపం రాదు కానీ సగమే ఒప్పుకుంటా. జపాటా మనుషులు గెర్రేరో రాష్ట్రంలో కొట్టిన రెండు పెసోల నాణెం చూశారా? కాంపో మొరాదో గనుల ప్రాంతం. ఆ ఖనిజంలో వెండితో పాటు కొద్దిగా బంగారం కలిసి వచ్చేది, విడదీసే పరికరాలు లేవు. ఏం చేశారో చూడండి. ‘ఓరో 0,595’ అని నాణెం మీదే కొట్టారు. ఇందులో ఇంత బంగారం ఉంది అని. ఒక్క పెసో మీద ‘ఓరో 0,300’. దోచుకున్నవాడు ఇందులో నీ వాటా ఇంత ఉందని రాసిస్తాడా? పైన కొండలు, వాటి మీద సూర్యుడు, చుట్టూ ‘సంస్కరణ, స్వేచ్ఛ, న్యాయం, చట్టం’ అని నినాదం. చేత్తో పట్టుకుంటే మామూలు వెండి కంటే కాస్త పసుపు ఛాయ ఉన్నట్టు నాకనిపిస్తుంది. నా కళ్ళ మాయ అంటుంది మా ఆవిడ.

హాలీసిక్కా
వాటా రాసిచ్చుడు కాదన్నా, రైతు తీసుకోవాలె గదా, అందుకు రాసిన్రు. నోటు మీద నమ్మకం పోయినోడికి బంగారం అంటేనే చెయ్యి చాస్తడు. తెలివి అంటా, ధర్మం అనను.

కిలుము
సరే, తెలివే. తెలివి కూడా నాకు ముద్దే.

దమ్మిడీ_దాసు
హాలీసిక్కా అడిగింది బాగానే ఉంది. ‘విప్లవం నాణెం’ అనే డబ్బాలో మనం అన్నీ కుక్కేస్తాం. వహాకా సంగతే చూడండి. 1915 జూన్‌లో ఆ రాష్ట్రం కరాన్సాకు లొంగనని, మేం స్వతంత్రం అని ప్రకటించుకుంది. అక్కడ ప్రభుత్వం, ఖజానా, చెక్కేవాడు అన్నీ ఉన్నాయి. అది తిరుగుబాటు సైన్యమా? కాదు. నేనైతే వాటిని వేరే ఆల్బమ్‌లో పెడతా.

కిలుము
ఇక్కడ మాత్రం దాసు గారితో గొడవే. నాకున్న వాటిలో మూడొంతులు వహాకావే. మొట్టమొదటి ఒకటి, మూడు సెంటావోల (సెంటావో అంటే పెసోలో నూరో వంతు) ముక్కలు చూడండి, గుండ్రంగా కూడా ఉండవు, దీర్ఘచతురస్రపు రాగి ముక్కలు, ‘ప్రొవిసియొనాల్’ అని వాటి మీదే రాసి ఉంటుంది. తాత్కాలికం అని నాణెమే చెప్పుకుంటుంటే ఇంతకంటే ఏం కావాలి? తర్వాత గుండ్రటివి వచ్చాయి. అన్నిటి మీదా బెనితో హువారెస్ బొమ్మ. ఆయన వహాకా కొండల్లో సపోతెక్ అనే ఆదివాసీ తెగ ఇంట్లో పుట్టి దేశాధ్యక్షుడైనవాడు, 1872లో పోయాడు. ఆయన పోయిన 43 ఏళ్ళకు వాళ్ళ ఊరివాళ్ళు మెడ ఒకసారి పొడుగ్గా, ఒకసారి పొట్టిగా చెక్కుతూ పోయారు. మెడ పొడవును బట్టి రకాలు విడదీస్తాం. మా అబ్బాయి చూసి “నాన్నా, ఒకే తాతను నలభైసార్లు కొన్నావేంటి” అన్నాడు.

1916లో బంగారంతో అరవై పెసోలు కూడా కొట్టారు. దాన్ని నేను ఫోటోలో మాత్రమే చూస్తాను, ఈ జన్మకు అంతే.

దమ్మిడీ_దాసు
తాత్కాలికం అని రాసుకున్నంత మాత్రాన విప్లవం అవుతుందా? మా వీధిలో బస్ షెల్టర్ మీద తాత్కాలికం అని 15 ఏళ్ళుగా రాసి ఉంది.

పోస్టుకార్డు_పాపారావు
ఆ షెల్టర్ నుంచి మెడ పొడుగ్గా పెట్టి చూసే ముసలాయన కూడా ఉంటాడు. రకం రాసుకోండి.

బేడఅణా
అట్ట నాణెం అని ఎక్కడో చదివా. నిజంగా ఉందా?

టెక్సాస్_తాత
ఉంది. తొలూకా ఊరు, 1915, ఐదు సెంటావోలు, బూడిద రంగు అట్ట. ఒకటి చూశాను, పట్టుకోనివ్వలేదు. ఉతికే చొక్కా జేబులో మర్చిపోతే ఐదు సెంటావోలు గోవిందా.

హాలీసిక్కా
మా దగ్గర ఇంత యుద్ధం లేదు గానీ రెండు డబ్బుల తిప్పలు మా తాత చెప్తుండె. నిజాం హాలీ రూపాయి ఒకటి, ఇంగ్లీషోళ్ళ కల్దార్ ఒకటి. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. బెజవాడ పొయ్యొస్తె లెక్క తప్పి ఇంట్ల తిట్లు. నాలుగైదు రకాల డబ్బు ఒకే సంతల నడిచిన మెక్సికో ముసలమ్మ ఎట్ల బేరం చేసిందో ఏమో.

నోటుమాస్టారు
ముసలమ్మకు సులువే. ఏ సైన్యం ఊళ్ళో ఉందో కిటికీలోంచి చూసి బయల్దేరేది. వాళ్ళు పోతే ఆ నోట్లు పొయ్యిలోకి. పక్షం మారితే పాత పక్షం కాగితం చెల్లదని చాటింపు వేసేవారు. వెండి ముక్కకు మాత్రం ఏ పక్షంవాడు వచ్చినా తూకం ఉంటుంది. అందుకే నోట్లవాణ్ణయినా ఈ చర్చలో తల దూర్చా.

రాజమండ్రి_కాసు
త్రాసు తెచ్చాను. ఫ్యాన్ ఆపాను, మా అమ్మ తలుపు దగ్గర నిలబడి ఏంట్రా ఈ పూజ అంది.

బయట బరువు: 21.4
నీళ్ళలో: 2.41
అంటే 8.88. మూడుసార్లు చేశా, అటూ ఇటూ అంతే.

లక్ష్మీకాసు
వెండి కాదు. వెండి అయ్యుంటే నీళ్ళలో 2.1 దగ్గర ఆగేది. ఇది రాగి, నికెల్, జింకు కలిపిన తెల్ల లోహం అయ్యుండొచ్చు. సారీ అండి. ప్రయోగం మాత్రం మా ఫస్టియర్ పిల్లల కంటే శుభ్రంగా చేశారు.

దమ్మిడీ_దాసు
పోయింది పోనీ. ఆ అంచు గీత కూడా అదే చెప్పింది. రెండు మూస ముక్కలు కలిసే చోట మిగిలే అతుకు అది. దాన్ని ఆకురాయితో అరగదీస్తారు, వీడు సరిగ్గా అరగదీయలేదు. వచ్చిన కవరు, అతను పెట్టిన వివరణ, ఈ తూకం ఫోటోలు అన్నీ జత చేసి డబ్బు వెనక్కి అడుగు. ‘అసలుది’ అని రాసి ఉంటే నీకే బలం.

కిలుము
దాసు గారి అతుకు సూత్రానికి ఒక మెలిక చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. సినలోవా రాష్ట్రంలో విప్లవకారుల పెసోలు నిజంగానే పోత పోసినవి! మామూలు పాత పెసోని, ఎనిమిది రియాళ్ళ నాణేన్ని ఇసుకలో అదిమి, ఆ గుంటలో వెండి పోశారు. ఇసుక గరుకు నాణెం మీదే కనిపిస్తుంది. అంటే అక్కడ అసలుది కూడా పోతే. ఇసుక పోత అసలుకీ, నిన్న పోసిన నకిలీకీ తేడా ఎలా చెప్తారు? దాసు గారూ, మీ వంతు.

దమ్మిడీ_దాసు
చెప్పను. ఎందుకంటే నేను సినలోవా కొనను. చేతకాని చోట డబ్బు పెట్టకపోవడమే నా పద్ధతి. నలభై ఏళ్ళలో నేను మోసపోయినవి పదకొండు. అన్నీ ఒక డబ్బాలో పెట్టి మూత మీద ‘ట్యూషన్ ఫీజు’ అని రాశా. పదకొండులో మూడు గెర్రేరో ‘సూరియానా’ రెండు పెసోలవి. అసలు సూరియానా ఈ మొత్తం వరసలోనే అరుదైన వాటిలో ఒకటి. నాకు మాత్రం మూడుసార్లు దొరికిందంటే నా బుద్ధి ఎలాంటిదో చూడండి.

పోస్టుకార్డు_పాపారావు
మొదటిసారి మోసం. రెండోసారి గ్రహచారం. మూడోసారి దాసు గారూ, మీరు కలెక్షన్ మొదలుపెట్టారు.

బేడఅణా
మరి నాలాంటివాడు ఈ విప్లవం నాణేల్లోకి దిగాలంటే ఎక్కడ మొదలెట్టాలి? పెసోల జోలికి పోనులెండి, ఈ చర్చ చదివాక ధైర్యం పోయింది.

టెక్సాస్_తాత
చివావా రాగి ఐదు సెంటావోలతో మొదలెట్టు. 1914, 1915. విల్లా రాజ్యం నడిచిన రాష్ట్రం అది. టోపీ, కిరణాలు, రాజ్యాంగవాద సైన్యం పేరు అన్నీ ఉంటాయి. విపరీతంగా కొట్టారు కాబట్టి ఇక్కడ కాయిన్ షోల్లో కొద్ది డాలర్లకే దొరుకుతాయి. అంత చవక నాణేన్ని నకిలీ చేసే ఓపిక ఎవడికి ఉంటుంది? పది కొని పక్కపక్కన పెట్టుకో. పదీ పది రకాలుగా ఉంటాయి, ఒకటి పక్కకి జరిగి కొట్టింది, ఒకటి బలం చాలక సగం పడింది. నిజమైన మొరటుతనం ఎలా ఉంటుందో కళ్ళకు అలవాటైతే అప్పుడు వెండి వైపు చూడు.

కిలుము
తాతగారి మాటకు వెయ్యి దండాలు. ఇంకొకటి, పర్రాల్ ఊళ్ళో కొట్టిన 1913 పెసో జోలికి మొదట్లోనే వెళ్ళకు. దాన్ని ‘బొలీతా’ అంటారు, బొమ్మలో ఒక చిన్న బంతి ఉంటుందని. పేరు ముద్దుగా ఉందని కొన్నవాళ్ళు ఉన్నారు. ఆ ఒకళ్ళు నేనే.

హాలీసిక్కా
చివావా అంటే ఆ చిట్టి కుక్క గదా?

టెక్సాస్_తాత
కుక్కకి పేరు వచ్చింది ఆ రాష్ట్రం నుంచే. ఇక్కడ దాన్ని పెంచేవాళ్ళలో సగం మందికి ఈ సంగతి తెలియదు.

రాజమండ్రి_కాసు
అమ్మినవాడికి అన్నీ పంపించా. వెనక్కి పంపితే డబ్బు ఇస్తానంటున్నాడు, పంపే ఖర్చు మాత్రం నాదే. లెక్కేస్తే మూడో వంతు అక్కడే పోతుంది. అయినా పంపేస్తున్నా, ఇంట్లో ఉంటే రోజూ కళ్ళబడుతుంది.

తాతగారూ, మీరు చివావా రాగి ఐదు సెంటావోలు అన్నారు కదా. ఆ కవర్లోనే ‘బహుమతి’ అని చీటీ పెట్టి చిన్న ప్లాస్టిక్ సంచిలో ఒక రాగి బిళ్ళ కూడా పంపాడు. నల్లగా మట్టి కొట్టుకుపోయి ఉంటే నేను సరిగ్గా చూడలేదు. బల్ల మీద పడేశా. ఇందాక గుర్తొచ్చి చూస్తే టోపీ, కిరణాలు, 1915. ‘చివావా’ అని కూడా చదవగలిగా. ఫోటో పెడుతున్నా.

టెక్సాస్_తాత
ఆఁ! టోపీ పక్కకి జారి ఉంది చూడు, అక్షరాల అంచులు ఎంత పదునుగా ఉన్నాయో చూడు. ఇది కొట్టిన నాణెమే బాబూ. వెంట్రుకవాసి అనుమానం కూడా లేదు. అసలుది ఫ్రీగా ఇచ్చి నకిలీకి డబ్బు తీసుకున్నాడు, వాడికే తెలియదు పాపం.

దమ్మిడీ_దాసు
అసలుదే. కానీ ఫోటోలో అలా మెరుస్తోందేంటి? మట్టి కొట్టుకుపోయి ఉందన్నావు.

రాజమండ్రి_కాసు
అదే చెప్పబోతున్నా. బల్ల మీద ఉంటే రేపు శుక్రవారం కదా అని అమ్మ పూజ గిన్నెలు, కుందులతో పాటు దీన్ని కూడా చింతపండు పెట్టి తోమేసింది. “ఎంత బాగా వచ్చిందో చూడరా” అని తెచ్చి చూపిస్తేనే నాకు 1915 కనపడింది.

కిలుము
అయ్యో అయ్యో అయ్యో.

లక్ష్మీకాసు
ఒక్క మాట: వెంటనే మంచినీళ్ళలో బాగా కడిగి, మెత్తటి గుడ్డతో రుద్దకుండా అద్ది ఆరబెట్టండి. చింతపండు పులుపు మిగిలితే పచ్చగా చిలుము పడుతుంది. వందేళ్ళ రంగు ఇక తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోండి.

పోస్టుకార్డు_పాపారావు
పాంచో విల్లా సైన్యాన్ని ఎవరూ ఇంత శుభ్రంగా తోమి ఉండరు.

రాజమండ్రి_కాసు
కడిగి ఆరబెట్టా. అమ్మ అడుగుతోంది, దేవుడి గూట్లో పెట్టనా, నీ డబ్బాలో పెట్టనా అని.

దమ్మిడీ_దాసు
నీ డబ్బాలోనే. గూట్లో పెడితే వచ్చే శుక్రవారం మళ్ళీ తోముతారు.